నేరేడు రంగు కారులో నేస్తం

పేర్రాజు గారి దొడ్లో ఒక గేదె, ఒక పిల్లి, ఒక బాతు ఉండేవి. దానికి జతగా ఉన్న మగబాతుని సంతకి పట్టుకుపోయాక బాతు ఒంటరిదైపోయింది. గడ్డిలో పెట్టుకున్న గుడ్లని పొదుగుతూ, చూరు మీంచి జారే చినుకుల్ని చూస్తూ కూచునేది.

అలాంటి రోజుల్లోనే పేర్రాజు గారు కొత్త కారు కొన్నారు. నేరేడు పండు రంగు. పాకలో నీడకి పెట్టి, మైనం పూసి, అది తెల్లగా ఆరాక మెత్తని గుడ్డతో గుండ్రంగా రుద్దేవారు. కాకి ఆ పక్కకి ఎగిరినా కర్ర తీసేవారు. రుద్దగా రుద్దగా కారు తలుపు నిలిచిన నీళ్లలా మెరిసింది. ఆ మెరుపులో బాతుకి ఇంకో బాతు కనిపించింది. ఇది మెడ వంచితే అదీ వంచింది. ఇది దగ్గరికెళితే అదీ వచ్చింది.

"గేదత్తా, నాకు తోడు దొరికింది."

"అది నీ నీడేనే, పిచ్చిదానా," అంది గేదె నెమరేస్తూ. "ఒక్క మాటన్నా మాట్లాడిందా నీతో?"

"దానికి సిగ్గెక్కువ."

"సరేలే. గుడ్లు చల్లారిపోతాయి, పోయి కూచో."

ఇంతలో బంధువులింట పెళ్లి వచ్చింది. దారంతా బురద. కొత్త రంగు పాడవుతుందని కారుని పాకలోనే ఉంచి, గొడుగేసుకుని బస్సెక్కారు పేర్రాజు గారు. రుద్దేవాళ్లు లేక తలుపు మీద ఊక దుమ్ము పేరుకుంది. లోపలి బాతు మసకబారింది. బయటి బాతు బెంగపడి మేత మానేసింది.

పిల్లి మెల్లగా వచ్చి పక్కన కూచుంది.

"నీ నేస్తం నీరసించిపోయిందే, పాపం."

"ఏం చెయ్యను పిన్నీ?"

"బలం పట్టాలి. ఓ గుడ్డు తెస్తే తెల్లసొన నేను పూస్తాను. పచ్చసొన దానికి వేడి చేస్తుంది. అదేదో నేనే తిప్పలు పడతాలే."

బాతు గుడ్డు దొర్లించుకొచ్చింది. పిల్లి తోకతో సొన పూసింది. తడి ఉన్నంతసేపూ తలుపు తళతళలాడింది, నేస్తం తిరిగొచ్చింది. ఆరగానే మళ్లీ మసక. మళ్లీ ఇంకో గుడ్డు.

"అవి నీ పిల్లలే," అంది గేదె.

"అవి ఇంకా నన్ను చూడలేవు కదత్తా. అదైతే చూస్తుంది."

పెళ్లి నుంచి పేర్రాజు గారు వచ్చేసరికి తలుపు నిండా ఎండిన సొన. గోటితో గీకితే దాంతోపాటు రంగూ లేచొచ్చింది. ఆయన కారుకి మందపాటి ముసుగు తొడిగేశారు.

బాతు ముక్కుతో ముసుగుని తట్టింది. వట్టి గుడ్డ.

"పిన్నీ, నా నేస్తమేదీ?"

"నన్నడిగితే? గుడ్లున్నన్నాళ్లూ ఉంది," అంటూ పిల్లి ఆవులించి ఎండలోకి పోయింది.

బాతు గడ్డిలోకెళ్లింది. అలవాటు చొప్పున రెక్కలు విప్పి, జాగ్రత్తగా ఒదిగి కూచుంది. పొట్టకి గడ్డే తగిలింది.

గేదె నెమరు ఆపింది. "ఇటొచ్చి నా పక్కన పడుకోవే."

బాతు ఖాళీ గడ్డినే ముక్కుతో పొట్ట కిందికి సర్దుకుంది.

ఎన్నటికీ పలకని మెరుపుకి ఆశపడి, రేపు పలకబోయే గొంతుల్ని వదులుకోకూడదు.