మువ్వలరేవు దుర్భిణి

అనగనగా, అలలకు అలుపు లేని మువ్వలరేవు అనే పట్నం. అక్కడి కొండ కొమ్మున నిలబడి సముద్రాన్ని కనిపెట్టుకుని ఉండే కొలువు పైడమ్మది.

ఒకనాడు ఓడ వర్తకుడొకడు రేవు పెద్ద వరహాలయ్యకు మూరెడు దుర్భిణి కానుక ఇచ్చాడు. కంటి దగ్గర బిగించే అద్దాలు మూడు. ఒకటి దూరపు వస్తువును పదింతలు చేసి చూపుతుంది. రెండోది నలభై ఇంతలు. మూడోది ఏకంగా రెండు వందల ఇంతలు.

"పెద్దదే గొప్పది. ఇక అదే వాడు," అన్నాడు వరహాలయ్య.

పైడమ్మ మూడింటినీ బిగించి చూసింది. "అయ్యా, గొట్టం మూతి చిన్నది. లోపలికి వచ్చే వెలుగు కొంచెమే. దాన్ని రెండు వందల ఇంతలకు సాగదీస్తే, గుక్కెడు పాలలో కడివెడు నీళ్ళు పోసినట్టుంది," అంది.

వరహాలయ్యకు ఆ మాట రుచించలేదు. చిన్న అద్దాలు రెండూ పెట్టెలో పెట్టి తాళం వేశాడు.

వారం తిరక్కుండా పెనుగాలి వీచింది. పొద్దు వాలుతున్నా వేటకు వెళ్ళిన ఒక పడవ తిరిగి రాలేదు. అందులో నలుగురు. ఒకడు పైడమ్మ పెనిమిటి దానయ్య.

వరహాలయ్య తానే కొండెక్కి పెద్ద అద్దానికి కన్ను ఆనించాడు. మొదట అంతా బూడిదరంగు మసక. మళ్ళీ చూశాడు. చేయి ఇసుమంత వణికితే సముద్రమంతా ఎగిరిపడింది. మూడోసారి నల్లగా ఏదో మెరిసి, రెప్పపాటులో జారిపోయింది. ఎంత వెతికినా మళ్ళీ చిక్కలేదు.

"అయ్యా, చీకటి పడితే ఏ అద్దమూ పనికిరాదు," అంది పైడమ్మ.

వరహాలయ్య గబగబా దిగి వెళ్ళి, చిన్న అద్దాల పెట్టె తెచ్చాడు.

పైడమ్మ పదింతల అద్దం బిగించింది. సగం సముద్రం తేటగా కనబడింది. ఉత్తరాన, రాళ్ళ వరస పక్కన నల్లని చుక్క. గొట్టం కదలకుండా పట్టుకుని నలభై ఇంతల అద్దం మార్చింది. బోల్తాపడిన పడవ. దాన్ని పట్టుకుని నాలుగు తలలు.

"నలుగురూ ఉన్నారయ్యా," అంది మెల్లగా.

వరహాలయ్య కేకతో రేవులోంచి ఆ రాళ్ళ వైపు పడవలు కదిలాయి. దీపాలు పెట్టే వేళకు నలుగురూ ఒడ్డు చేరారు. తడిసి ముద్దయిన దానయ్య భుజాన పైడమ్మ తన కొంగు కప్పింది.

వరహాలయ్య తల వంచుకుని అడిగాడు. "మరి ఈ పెద్ద అద్దాన్ని ఏం చేద్దాం, పైడమ్మా?"

"దాచండయ్యా. దానికి తగ్గ పెద్ద గొట్టం దొరికిననాడు అదీ పనికొస్తుంది."

పిల్లలూ, సత్తువకు మించిన గొప్ప, ఉన్న చూపునూ మసకబారుస్తుంది; తగినంతతో సరిపెట్టుకున్నవాడికే తేటగా కనిపిస్తుంది.