మూడు కొలతల రబ్బరు చైను

గొల్లలదిబ్బలో కొందరికి పొలాలున్నాయి, కొందరికి మేడలున్నాయి. తాతబ్బాయి ఇంట్లో మాత్రం తెలివి ఉంది. ఈ సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియదు, ఆ ఇంటివాళ్ళే చెప్పుకోవాలి, చెప్పుకునేవాళ్ళు. "సగం ఊరికి సరిపడా బుర్ర మన వాకిట్లోనే ఉంది" అనేది తాతబ్బాయి పెళ్ళాం మంగాయమ్మ. అతని తమ్ముళ్ళు సూరన్న, పోలయ్య అవునవునని తలలూపేవాళ్ళు. అంత తెలివి ఉండబట్టే ముగ్గురూ కలిసి మట్టి తవ్వే చిన్న బండి కొన్నారు. చక్రాల బదులు రెండు రబ్బరు చైన్ల మీద పాకే బండి అది.

తాతబ్బాయికి ఒక్కటే దిగులు. పెళ్ళై పన్నెండేళ్ళైనా మామగారు నూకరాజు అతణ్ణి ఒక్క మంచి మాట అనలేదు. ఇప్పుడు ఆ మామగారి నారుమడి నీళ్ళు లేక వాడిపోతోంది. నీళ్ళొచ్చే బోదె పూడిపోయింది. సోమవారం కాలవ వదులుతారు.

"మావయ్యా, సోమవారం బోదె తవ్వి నీళ్ళు తేకపోతే నన్ను అల్లుడనకు" అన్నాడు తాతబ్బాయి.

"ఇప్పుడు మాత్రం అంటున్నానా ఏంటి?" అన్నాడు నూకరాజు.

శుక్రవారం బండి తీసి చూస్తే కుడి చైను పగుళ్ళు విచ్చి ఉంది. టౌన్లో విడిభాగాల కొట్టు జిలానీగారికి ఫోన్ చేశారు.

"మూడు కొలతలు తెండి బాబూ" అన్నాడాయన. "ఒకటి, చైను వెడల్పు. రెండు, లోపలివైపు పళ్ళుంటాయి చూడండి, ఒక పంటి నడిమి నుంచి పక్క పంటి నడిమి దాకా ఎంతో. మూడు, మొత్తం పళ్ళెన్నో. ఏ ఒక్కటి తేడా వచ్చినా చైను ఎక్కదు, ఎక్కినా ఊడిపోద్ది."

"మూడు కొలతలు, ముగ్గురన్నదమ్ములం. దేవుడు లెక్క చూసే పుట్టించాడ్రా!" అన్నాడు తాతబ్బాయి.

చైను ఊడదీశారు. లోపల ఏవో అంకెలు అచ్చు వేసి ఉన్నాయి. ఇవి మన లెక్కలో కలిసిపోతాయేమోనని తాతబ్బాయి ఆకురాయి పెట్టి శుభ్రంగా గీకేశాడు. తర్వాత పోలయ్య పళ్ళు లెక్కపెట్టడానికి కూర్చున్నాడు. చైను గుండ్రంగా ఉంది కదా, లెక్క ఎక్కడా ఆగదే! అన్నం వేళకి తొమ్మిదొందలు దాటాడు.

"ఎంత పెద్ద చైను కొన్నాంరా!" అని సూరన్న మురిసిపోయాడు.

మంగాయమ్మ వచ్చి చూసి మొగుడికి గడ్డి పెట్టింది. "మొదలూ చివరా లేనిదాన్ని ఎలా లెక్కపెడతాడయ్యా? ముందు దానికో మొదలు పెట్టండి."

అంతే. రంపం తెచ్చి చైను అడ్డంగా కోసేశారు. లోపల ఇనప తీగలున్నాయి, కోసేసరికి పొద్దు గూకింది. పగుళ్ళిచ్చినా ఇంకో నాలుగు రోజులు నడిచేదే, ఇప్పుడు దేనికీ పనికిరాదు. అయితేనేం, లెక్క తేలింది. ఎనభై.

మర్నాడు ముగ్గురూ కొలతలు పట్టుకుని బస్సెక్కారు. తాతబ్బాయి రెండు చేతులూ చైను వెడల్పుకి చాపి అలాగే ఉంచాడు. సూరన్న పళ్ళ మధ్య దూరాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టాడు. పోలయ్య లెక్కని నోట్లో పెట్టుకున్నాడు. ఇంకో మాట వస్తే అది జారిపోతుందని భయం.

"ఎన్ని టిక్కెట్లు?" అన్నాడు కండక్టరు.

"ఎనభై" అన్నాడు పోలయ్య.

కండక్టరు బస్సంతా కలియజూశాడు. డబ్బు తాతబ్బాయి జేబులో ఉంది, చెయ్యి దించితే వెడల్పు పోతుంది. "తమరే తీసుకోండి బాబూ, వెడల్పుకి తగలకుండా" అన్నాడు తాతబ్బాయి. కండక్టరు దండం పెట్టి ముందుకెళ్ళిపోయాడు.

జిలానీగారు వాళ్ళని ఎగాదిగా చూశాడు. "సైజు చైను మీదే రాసి ఉంటుంది, చూడలేదా?"

"ఆ అంకెలేనా? అడ్డొస్తున్నాయని గీకేశామండి" అన్నాడు తాతబ్బాయి.

పాపం, మంచి మనిషి. టేపు తెచ్చి తాతబ్బాయి చేతుల మధ్య ఓసారి, సూరన్న వేళ్ళ మధ్య ఓసారి కొలిచాడు. మూడొందల మిల్లీమీటర్లు, యాభై రెండున్నర. అక్షరాలా సరిపోయాయి. "చైన్లు ఎన్నిమ్మంటారు?" అన్నాడు.

"ఎనభై" అన్నాడు పోలయ్య.

ఆయన గుండె పట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. తేరుకున్నాక అది పళ్ళ లెక్కని గ్రహించి రెండిచ్చాడు. "రెండూ ఒకేసారి మార్చండి, లేకపోతే బండి పక్కకి లాగుద్ది. కొత్త రబ్బరు కదా, రెండ్రోజులు రాళ్ళ మీద తిప్పకండి. మెత్తటి నేల మీదే నడపండి" అని పంపించాడు.

సోమవారం పొద్దున్నే చైన్లు ఎక్కించారు. అతికినట్టు సరిపోయాయి. తాతబ్బాయికి ఆనందం పట్టలేదు. కానీ బోదె దాకా ఉన్నది కంకర బాట. ఇంకేముంది, ముగ్గురూ మెత్తటి నేల వెతుకుతూ బయల్దేరారు. కాలి బొటనవేలితో నొక్కి చూసుకుంటూ పోతే, ఊరు మొత్తం మీద అన్నిటికంటే మెత్తగా, దమ్ము చేసి, దగ్గరుండి చదును చేసిన నేల ఒక్కటే కనిపించింది. అది నూకరాజు నారుమడి.

నూకరాజు లాకుల దగ్గర నీళ్ళ కోసం కాపు కాస్తున్నాడు. ఈలోగా వీళ్ళు నారుమడి మీదుగా వెళ్ళి ఒక వైపు తవ్వారు, నారుమడి మీదుగా వచ్చి రెండో వైపు తవ్వారు. బోదె అద్దంలా తయారైంది. మధ్యాహ్నానికి నీళ్ళు గలగలా వచ్చి పడ్డాయి. వాటి వెనకే నూకరాజు వచ్చాడు. మడిలో ఒక్క నారు మొక్క లేదు. ఆయన గట్టు మీద కూలబడిపోయాడు.

"మావయ్యా, సోమవారమన్నాను, సోమవారమే తెచ్చాను" అన్నాడు తాతబ్బాయి. "రబ్బరు మీద ఒక్క గీత పడితే ఒట్టు."

నూకరాజు నెత్తి కొట్టుకున్నాడు. "ఇంక ఈ నీళ్ళు నాకెందుకురా? తీసుకొచ్చి నా నెత్తిన పొయ్యండి."

తాతబ్బాయి కళ్ళు చెమ్మగిల్లాయి. పన్నెండేళ్ళలో మామగారు నోరారా అడిగిన మొదటి పని ఇది! పరుగున బండెక్కి, ముందున్న ఇనప తొట్టె బోదెలో ముంచి, నిండుగా లేపాడు.

"ఆగయ్యా!" అని అప్పుడే అన్నం తెచ్చిన మంగాయమ్మ గట్టు మీంచి కేకేసింది. "మా నాన్నకి చన్నీళ్ళు పడవు, జలుబు చేస్తుంది!"

కూతురికి తెలియనిదేముంది? పక్కనే నూకరాజు గడ్డివాము ఉంది. తొట్టెని దాని పైకి తిప్పారు. సూరన్న అగ్గిపుల్ల గీశాడు.

నూకరాజు లబోదిబోమంటూ పరిగెత్తుకొచ్చేసరికి నీళ్ళు గోరువెచ్చనయ్యాయి.

"సరిగ్గా వేళకి వచ్చావు మావయ్యా, అక్కడే నిలబడు" అని తాతబ్బాయి తొట్టె వంచాడు.