మసేనమ్మ చేపల మంచె

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో గుమ్మాలన్నీ తూర్పుకే. పొద్దున్నే తలుపు తీస్తే సూర్యనారాయణమూర్తి ఎదురుగా ఉంటాడు, దణ్ణం పెట్టుకోవడమే తరువాయి. అక్కడ మసేనమ్మ అని ఒక కోడలు. మొగుడు తెప్ప మీద వేటకి వెళతాడు, ఈవిడ నెత్తళ్ళు ఎండబెట్టి సంతలో అమ్ముతుంది. నెత్తళ్ళంటే వేలెడంత చేపలర్రా, వెండి ముక్కల్లా మెరుస్తాయి. వానలొచ్చి తెప్పలు ఒడ్డెక్కాయంటే ఇక ఆ ఎండు చేపలే వాళ్ళకి కూడూ గుడ్డా. ఊ కొడుతున్నారా?

మరి ఎండబెట్టేది ఎక్కడ? ఇసకలో. ఇసకలో ఆరబోస్తే ఇసక అంటుతుంది, కాకి ఎత్తుకుపోతుంది, కుక్క తొక్కుతుంది, చినుకు పడితే పురుగు పడుతుంది. కిందటేడు సరుకంతా అలాగే పోయింది. అత్త ఎర్రయ్యమ్మతో సహా ఇంటిల్లిపాదీ వానాకాలమంతా గంజి తాగి గడిపారు. ఈ ఏడూ అలాగే పోతే గంజికి నూకలు కూడా ఉండవు.

ఇలా ఉండగా ఆ దేశపు రాజుగారు ఒకనాడు వేయించిన నెత్తళ్ళు నోట్లో వేసుకున్నారు. కరకర. చేప కరకర కాదర్రా, ఇసక కరకర. రాజుగారు మంచివారు కనక వంటవాణ్ణి ఏమీ అనలేదు. ఎత్తుగా వెదురు మంచె కట్టి, దాని మీద పాత వల పరిచి చేపలు ఎండబెట్టుకునేవాళ్ళకి మంచె ఖర్చు దివాణమే ఇస్తుందని దండోరా వేయించారు. బాగుంది కదా. కానీ రాజుగారి నోటికీ మసేనమ్మ చేతికీ మధ్య తనిఖీదారు ఉన్నాడు.

మసేనమ్మ గంగమ్మ తల్లికి దణ్ణం పెట్టుకుని దివాణానికి వెళ్ళింది. తనిఖీదారు పేరు వరహాలయ్య. తెల్లటి ఉత్తరీయం, ఇస్త్రీ మడత చెదరదు.

"మంచె ఏదమ్మా?" అన్నాడు.

"లేదు బాబూ. కట్టుకోడానికే గదా వొచ్చాను."

"లేనిదాన్ని ఎలా తనిఖీ చెయ్యను? కట్టి చూపించు."

సరేనని ఇంటికొచ్చింది. వెదుళ్ళెక్కడివి? ఇంటి కప్పులోంచి లాగి, ఒడ్డున మంచె కట్టింది. వరహాలయ్య వచ్చాడు, చుట్టూ తిరిగాడు, ఊపి చూశాడు. కట్టేశావు కదా, కట్టుకోబోయేవాళ్ళకి గానీ కట్టేసుకున్నవాళ్ళకి సాయమెందుకని వెళ్ళిపోయాడు.

మసేనమ్మ పిచ్చిది, మంచె విప్పి వెదుళ్ళు కప్పులో పెట్టి మళ్ళీ దివాణానికి పోయింది. మంచె ఏదమ్మా అన్నాడు.

కట్టమంటే కట్టింది, కట్టావేమంటే విప్పింది, విప్పావేమంటే మళ్ళీ కట్టింది. కప్పులో వెదురు ఒడ్డుకి, ఒడ్డున వెదురు కప్పుకి, కప్పుకెక్కిన వెదురు మళ్ళీ ఒడ్డుకి. వెదుళ్ళు అరిగాయి, మసేనమ్మ అరికాళ్ళు అరిగాయి, వరహాలయ్య మడత మాత్రం చెదరలేదు.

"ఒసే మసేనా, కళ్ళు తెరిస్తే నెత్తి మీద ఆకాశమే," అంది ఎర్రయ్యమ్మ. "ఇవాళ మనింటి కప్పు ఎక్కడుందో చెప్పి పోవే, నేనూ అక్కడికే పోయి పడుకుంటాను."

"దివాణంలో అడుగత్తా. వాళ్ళకే తెలవాలి."

నవ్వండి నవ్వండి. మా అమ్మ ఈ కథ చెప్పేటప్పుడు మేమూ ఇక్కడే నవ్వేవాళ్ళం, ఆవిడ మాత్రం నిట్టూర్చేది. ఇంటికి కప్పు లేదు, చేపకి మంచె లేదు, ఆకాశం మూల మబ్బు నల్లబడుతోంది. మసేనమ్మకి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. అవి రెండూ దిగమింగి ఆలోచించింది.

వాళ్ళ ఊళ్ళో పెద్దవల లాగే రోజున ఒక ఆచారం ఉంది. వలని సముద్రంలో దింపి, తాడు కొసలు ఒడ్డుకి తెచ్చి ఊరంతా లాగుతారు. అప్పుడు ఒడ్డున ఎవరూ ఊరికే నిలబడకూడదు. కొత్తల్లుడైనా, సంత షావుకారైనా తాడు పట్టాల్సిందే. పట్టినవాడు వల ఒడ్డెక్కేదాకా వదలకూడదు, వదిలితే గంగమ్మకి కోపం. పట్టిన ప్రతి చేతికీ చేపల్లో వాటా.

సరిగ్గా ఆ పూటే, మంచె కట్టబోయే చోటు చూద్దురు గాని రమ్మని వరహాలయ్యని పిలుచుకొచ్చింది. ఆయన కళ్ళ మీద చెయ్యడ్డం పెట్టుకుని చూసి, "ఇక్కడేమీ లేదు, ఉత్త ఇసక," అని ఊరందరికీ వినబడేలా అన్నాడు.

"అలా ఊరికే నిలబడకూడదు బాబూ," అన్నాడు ఊరిపెద్ద దానయ్య. "ఓ చెయ్యెయ్యండి."

ఊరంతా చూస్తుంటే ఏం చేస్తాడు, పట్టాడు. ఒక లాగు, ఒక అడుగు వెనక్కి. ఒక లాగు, ఒక అడుగు వెనక్కి. కళ్ళు సముద్రం మీద, కాళ్ళు ఊరివైపు. ఉత్తరీయం తడిసింది, మడత చెదిరింది. ఆయన వెనకాల అత్తాకోడళ్ళు వెదుళ్ళు పాతారు, అడ్డకర్రలు కట్టారు, పైన పాత వల పరిచారు. ఇదే ఆఖరుసారి, చెబుతున్నానని ఎర్రయ్యమ్మ గొణుగుతూనే ఉంది. వల ఒడ్డెక్కింది. వరహాలయ్య వీపుకి మంచె తగిలింది.

"ఇదెప్పుడొచ్చింది?" అన్నాడు తిరిగి చూసి.

"లేదన్నది మీ నోరే బాబూ, ఉందన్నది మీ వీపే. మధ్యలో మీరు తాడొదిలి ఎక్కడికీ పోలేదు."

ఆయన బుర్ర గోక్కున్నాడు. "అయితే నేను కట్టకముందు వచ్చినట్టా, కట్టాక వచ్చినట్టా?"

మసేనమ్మ కళ్ళు మూసుకుంది. తల్లీ గంగమ్మా, ఓర్పియ్యి అనుకుంది. ఆయన వాటా నెత్తళ్ళు తెచ్చి ఆ మంచె మీదే ఆరబోసి, అడ్డకర్ర ముడి మీద చెయ్యేసింది.

"మీకే తెలవకపోతే విప్పేస్తాను బాబూ. మళ్ళీ రేపు చూద్దురు గాని."

ఆయన చేపలకేసి చూశాడు. కింద ఇసకకేసి చూశాడు. చేతులు బొబ్బలెక్కి సంపాదించుకున్న వాటా అది.

"ముడి ముట్టుకోకమ్మా," అన్నాడు. "ఉండనీ. నేను చూశాను. కట్టకముందూ చూశాను, కట్టాకా చూశాను."

దివాణం సాయం వచ్చింది. కొత్త వెదుళ్ళతో కొత్త మంచె లేచింది, పాత వెదుళ్ళు కప్పెక్కాయి, నెత్తళ్ళన్నీ ఎండి మూటలెక్కిన మర్నాడే వాన. ఆ వానాకాలం వాళ్ళింట్లో పొయ్యి చల్లారలేదు. రాజుగారు కూడా నెత్తళ్ళు తిన్నారు, కరకరలాడింది చేపే. జరిగింది విని, ఇకమీదట ఏ తనిఖీదారైనా ముందు తాడు పట్టి, ఆ తరవాతే నోరు విప్పాలని ఆజ్ఞ వేశారు. అందుకే చెబుతాను, ఎవరికైనా ఏదైనా ఇచ్చేటప్పుడు ఒక్కసారి వాళ్ళ పక్కన నిలబడి చెయ్యి వెయ్యండర్రా, సగం ప్రశ్నలు అడగక్కర్లేకుండా పోతాయి.

కథ తెప్పెక్కి కంచికి పోయింది. మనం దుప్పట్లోకి పోదాం, గోవిందా అనుకుని కళ్ళు మూసుకోండి.