మెంతుల వాసన వేసిన బొమ్మ

అనగనగా అనగానే అందరూ రాజుగారి మేడ ఎక్కేస్తారు. మనం మాత్రం ఆ ఊళ్లోనే వడ్లు దంచి బతికే పైడితల్లి ఇంటికి, ఆమె రోలు దగ్గరికి పోదాం.

ఆ ఊళ్లో ఒక ఆచారం ఉండేది. దసరాకు రాణీగారు బొమ్మల కొలువు పెడితే ఇంటికొక ఆడపిల్ల కొత్త బొమ్మ ఒకటి తెచ్చివ్వాలి. మెట్టు మీద పెట్టేటప్పుడు, అది ఎవరి చేతి బొమ్మో పేరు చెప్పాలి. పేరు లేని బొమ్మకు కొలువులో చోటు లేదు.

పైడితల్లికి బొమ్మ కొనే స్తోమత ఎక్కడిది? పురోహితుల ఇంట్లో మూలన పడేసిన పాత పంచాంగాలు అడిగి తెచ్చుకుంది. మూడు రోజులు నానబెట్టి, మెంతులు కలిపి, రోట్లో మెత్తగా రుబ్బింది. ఆ ముద్దతో చల్లమ్మే ముసలమ్మను చేసింది. పసుపుతో చీర, ఇటుక పొడితో అంచు, దీపపు మసితో కళ్లు దిద్దింది.

"ఎలా ఉందే వరహాలూ?" అని కూతుర్ని అడిగింది.

"బాగుందిలే," అంది పన్నెండేళ్ల వరహాలు. నిజంగానే బాగుంది. కానీ రేపు కొన్న బొమ్మల పక్కన ఇది నిలబడాలి కదా! ఆ తలపుకే దాని చెవులు వేడెక్కాయి.

పండుగనాడు వరహాలు ముందు నడిచింది. బొమ్మ ఉన్న బుట్టను నెత్తిన పెట్టుకుని తల్లి వెనక నడిచింది.

దారిలో వర్తకుడి కూతురు కనకవల్లి ఎదురైంది. "ఏమే, మీరూ బొమ్మ తెస్తున్నారా? పొయ్యిలో బూడిదతో చేశారా ఏం?" అని కిసుక్కున నవ్వింది.

"కొన్నాం," అంది వరహాలు.

కోట గుమ్మంలో కావలివాడు ఆపాడు. "నీ వెనకాల ఎవరమ్మా?"

"బుట్ట మోయడానికొచ్చిన మనిషి," అంది వరహాలు. వెనక్కి తిరిగి చూడలేదు.

కొలువు ముందు రాణీగారు బొమ్మను చేతిలోకి తీసుకున్నారు. ఆ ముసలమ్మ బోసినవ్వు చూసి ఆమె కూడా ఫక్కున నవ్వారు. "ఎంత ముచ్చటగా ఉంది! ఎవరి చేతి బొమ్మ తల్లీ?"

"ఉత్తరదేశపు శిల్పి... చిత్రాంగదుడిదండీ."

రాణీగారు చేతి కంకణం తీశారు. "ఇది ఆ శిల్పికి పంపిద్దాం." అంటూనే బొమ్మను ముక్కు దగ్గర పెట్టుకున్నారు. "అంత దూరం నుంచి వచ్చిందా? మెంతుల వాసన ఇంకా పచ్చిగానే ఉందే!"

రాణీగారి చూపు బుట్ట పట్టుకున్న పైడితల్లి మీదికి పోయింది. "ఏమమ్మా, ఈ బొమ్మ సంగతి నీకేమైనా తెలుసా?"

పైడితల్లి కూతురి వైపు ఒకసారి చూసింది. పసుపు పట్టిన వేళ్లు కొంగులో దాచుకుంది.

"నాకేం తెలుసు తల్లీ. నేను బుట్ట మోసిన దాన్ని."

ఆ మాటతో వరహాలు వెనక్కి తిరిగి అమ్మను చూసింది. తను మూడు అబద్ధాలాడింది తన పరువు కోసం. అమ్మ ఆడిన ఒక్క అబద్ధమూ తన పరువు కోసమే.

"అబద్ధం రాణీగారూ! ఆవిడ మా అమ్మ. పైడితల్లి. ఇది మా అమ్మ చేతి బొమ్మ," అంది.

కనకవల్లి నవ్వబోయింది గానీ, రాణీగారు అటు చూసేసరికి ఆగిపోయింది. రాణీగారు పైడితల్లి చేతిని కొంగులోంచి తీసి కంకణం తొడిగారు. చల్లమ్మే ముసలమ్మను పై మెట్టు మీద నిలబెట్టారు. వరహాలును మెచ్చుకోలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండేది అనుకుంది ఆ పిల్ల.

ఇంటిదారిలో వరహాలు బుట్ట తన నెత్తిన పెట్టుకుంది. ఖాళీ బుట్టే, అయినా బరువుగా ఉంది.

"అమ్మా, నన్నేమీ అనవేం?"

"ఏమనాలే? ఆకలేస్తోందా?" అని పైడితల్లి చెయ్యి చాచింది. ఆ చెయ్యి పట్టుకోవడానికి వరహాలుకు చాలా దూరం పట్టింది. పట్టుకున్నాక మాత్రం ఊరంతా చూస్తున్నా వదల్లేదు. దాని అరచేతికీ మెంతుల వాసన అంటింది.

పిల్లలూ, చేత్తో చేసిన కానుక ఇవ్వడం సిగ్గుపడాల్సిన పని కాదు. అది చేసిన చేతిని మనది కాదనడమే సిగ్గు.