రెండిళ్ళకి ఒకటే గుర్తు

మీ తాతల తాతలకి ఇంకా పేర్లు పెట్టని రోజుల్లో, మూడు రాజ్యాలు పక్కపక్కనే ఉండేవి. కొండనాడు, ఏటినాడు, ఉప్పునాడు. వాటి రాజుల పేర్లు నన్నడక్కండి, ఎవరికీ తెలియవు. మూడింటి పొలిమేరలూ కలిసేచోట ఒక చాకిరేవు ఉండేది. అక్కడ బట్టలుతికిన నూకాలు పేరు మాత్రం అందరికీ తెలుసు. ఎందుకు తెలుసో చెబుతాను.

నూకాలుకి అక్షరమ్ముక్క రాదు. అయినా మూడు రాజ్యాల బట్టలూ ఆ రేవుకే వచ్చేవి, ఒక ఇంటి గుడ్డ ఇంకో ఇంటికి వెళ్ళేది కాదు. ప్రతి ఇంటికీ ఒక గుర్తు పెట్టింది. ఒకరికి చుక్క, ఒకరికి గీత, ఒకరికి నెలవంక. నల్లజీడి గింజ రసంతో గుడ్డ అంచున గుర్తు పెట్టిందంటే, గుడ్డ చిరగాలే గానీ గుర్తు పోదు. గుర్తు చూసేది, ఇల్లు చెప్పేది. ఆవిడ గొప్పంతా అదే. దాని గురించి కాస్త గర్వం కూడా ఉండేది, లేదని నేను అబద్ధం చెప్పను.

అలా ఉండగా ఒక చెడ్డ ఏడాది వచ్చింది. ముందు వానలు మొహం చాటేశాయి. తరవాత కొండనాటి రాజు పోయాడు, కొడుకులిద్దరూ గద్దె కోసం కత్తులు దూసుకున్నారు. ఆ మంట మనకంటుతుందని ఏటినాటి రాజు పడవలు ఆపించేశాడు. ఉప్పునాటి రాజు బిగుసుకుని, ఉప్పు పొలిమేర దాటకూడదన్నాడు. పెద్దవాళ్ళు పంతాలకి పోయారు, జనం మూటాముల్లే సర్దుకుని రోడ్డున పడ్డారు. కొండవాళ్ళు కిందికి, ఉప్పువాళ్ళు పైకి, ఏటివాళ్ళు ఎటు దారుంటే అటు. ఆ తొక్కిసలాటలో పిల్లలు తప్పిపోయారు.

ఎవరి రాజ్యమూ కాని నేల చాకిరేవొక్కటే. దొరికిన పిల్లల్నల్లా తెచ్చి అక్కడే దింపారు. నూకాలు బట్టలుడకేసే బానల్లో గంజి కాచి పోసింది.

ఏడాది తిరిగేసరికి రాజులు అలిసిపోయి రాజీకొచ్చారు. ముగ్గురు అధికారులు రేవుకొచ్చి చాటింపు వేయించారు. పున్నమి నాటికి ఇల్లు తెలియని పిల్లల్ని కోటలకి తీసుకుపోయి వెట్టికి పెడతారట. అందులో చాలామంది పేరు కూడా చెప్పలేని పసివాళ్ళు. అప్పుడు నూకాలు వాళ్ళ గుడ్డలు పట్టుకుంది. గుర్తు చూసింది, ఇల్లు చెప్పింది. ఇరవైమంది పిల్లల ఇళ్ళు చెప్పింది. కబురందిన తల్లులు పరుగున వచ్చారు. కొండ మీద నుంచి గవిరమ్మ అనే ముసలావిడ, చూపు ఆనకపోయినా కర్ర పొడుచుకుంటూ వచ్చి మనవరాల్ని తీసుకుపోయింది. ఆ పాప గుడ్డ మీద మూడు చుక్కలు, కింద గీత.

సరిగ్గా పున్నమి రోజు పొద్దున పడవవాళ్ళు ఇంకో పాపని తెచ్చారు. నూకాలు గుడ్డ అంచు తిప్పింది. మూడు చుక్కలు, కింద గీత.

అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకి. నాలుగేళ్ళ కిందట ఉప్పునాడులో మరిడి అనే పిల్ల వేరు కాపురం పెడితే, కొత్త గుర్తు తోచక గవిరమ్మ గుర్తే దానికీ పెట్టేసింది. కొండ మీది ఇల్లెక్కడ, ఉప్పు కయ్యల పక్క ఇల్లెక్కడ, ఈ రెండిళ్ళ గుడ్డలూ ఎప్పుడు కలవాలి అనుకుంది. ఇప్పుడు కలిశాయి. అయితే గవిరమ్మకిచ్చిన పాప ఎవరు?

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. ఈ ఒక్క పాప కోటకి పోతుంది, అంతే. నోరు విప్పితే, ఇచ్చిన ఇరవైమందినీ వెనక్కి లాక్కోవచ్చు. నూకాలు ఆ గుడ్డ పట్టుకుని వెళ్ళి అధికారుల ముందు చెప్పేసింది.

ఏటినాటి అధికారి మండిపడ్డాడు. ఒకటి తప్పయితే అన్నీ తప్పే, అందర్నీ కోటకి పంపమన్నాడు. ఇంకా ఇంటి దారి పట్టకుండా రేవులోనే ఉన్న ముగ్గురు తల్లులు, మూడు రాజ్యాల వాళ్ళు, పిల్లల్ని చంకనేసుకుని ముందుకొచ్చారు. అందులో ఒకావిడ అంది:

"దాని గుర్తు తప్పితే తప్పనీ బాబూ. నా బిడ్డని నాను పోల్చుకోలేనా?"

అధికారి ఇక ఆ ఇరవైమంది జోలికి పోలేదు. పొద్దుగూకేలోగా ఈ పాప ఇల్లు తేల్చమని మాత్రం నూకాలుని గదిమాడు. ఆవిడ మరిడికి కబురంపి, పాపని ఎత్తుకుని కొండెక్కింది. తన తప్పు గవిరమ్మకి ఎలా చెప్పాలో తెలియక గుమ్మంలోనే పాపని దింపి ఏడ్చేసింది.

గవిరమ్మ కొత్త పాప కుడిచేతిలో అన్నంముద్ద పెట్టి, ఆ చేతి మీద తన చెయ్యి వేసి ఉంచింది. పాప ముద్దని ఎడమచేతిలోకి మార్చుకుని తింది. ముసలిదాని మొహం వెలిగిపోయింది.

"ఇదే నా మనవరాలు," అంది. "ముందు పిల్ల నాది కాదని తొలిపూటే తెలిసిందే నూకాలూ. అది కుడిచేత్తో తిన్నాది."

"మరి సెప్పలేదేటమ్మా?"

"సెప్తే కోటకి అట్టుకుపోరేటి? నా పిల్ల ఏ గుమ్మంలో ఉందో. అక్కడా ఎవులో ఒకులు ఇలాగే నోరు మూసుకుంటారనుకున్నాను."

పొద్దు వాలకముందే మరిడి రొప్పుకుంటూ కొండెక్కింది. వాకిట్లో ఆడుకుంటున్న తన కూతుర్ని చూసి అక్కడే కూలబడింది. ఆ సాయంత్రం ఆ ఇంట్లో అందరూ కడుపునిండా తిన్నారు, కడుపునిండా ఏడ్చారు, ఎవరికీ దుఃఖం లేదు.

ఒక ఇంటి గుర్తు మార్చేస్తానంది నూకాలు. మరిడి ఒప్పుకోలేదు, గవిరమ్మా ఒప్పుకోలేదు. ఉండనీ, మళ్ళీ రాజులకి తిక్క రేగితే పిల్లలకి రెండిళ్ళుంటాయి అన్నారు. ఆ మాట మూడు రాజ్యాలకీ పాకింది. మిగతా తల్లులూ తమ పిల్లలకీ ఇంకో ఇంటి గుర్తు పెట్టమని గుడ్డలు పట్టుకుని రేవుకొచ్చి వరసలో నిలబడ్డారు.

నూకాలు పోయి ఎన్ని తరాలైందో. ఇప్పటికీ ఆ ప్రాంతంలో బిడ్డ పుడితే, మొదటి గుడ్డ అంచున రెండు గుర్తులు పెడతారు. ఒకటి తమ ఇంటిది. రెండోది పొలిమేర అవతల, తాము ఎన్నడూ చూడని ఇంటిది. ఆ అవతలి ఇంట్లో, రోజూ వండేటప్పుడు, ఆ బిడ్డ పేరున ఒక పిడికెడు బియ్యం ఎక్కువే పోస్తారు.