కదలని పిల్లల బడి

ఇది చాలా చిన్న కథ. పొయ్యి మీద పాలు పెట్టి వినడం మొదలుపెడితే, పాలు పొంగే లోపల అయిపోతుంది. ఒక నక్క బడి పెట్టింది, మేకపిల్లలు చేరాయి, అంతే. కాకపోతే నక్క బడి ఎందుకు పెట్టిందో తెలియాలంటే ముందు దాని కాలు సంగతి చెప్పాలి. కాలు సంగతి చెప్పాలంటే అడవిపందులకు పెట్టిన ఉచ్చు సంగతి రావాలి. ఉచ్చు సంగతి వచ్చాక గొర్రె సుంకమ్మ నోటి సంగతి రాకుండా ఎలా ఉంటుంది? చేను దారిలో ఉచ్చు పెట్టారని ఊరందరికీ చెప్పినట్టే నక్క తిరుపాలుకూ చెప్పింది సుంకమ్మే. "ఎడమ పక్కన ఉంది, చూసుకుని నడువు" అంది. పోయేటప్పుడు ఎడమో, వచ్చేటప్పుడు ఎడమో చెప్పలేదు. తిరుపాలు వచ్చేటప్పుడు కాలు పెట్టాడు.

ఆ కుంటికాలితో కుందేలును తరమడం కుదరలేదు. కోడిని తరిమితే అది నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి, "ఇంకా రాలేదా?" అని అడిగేది. ఇలా పరువు పోయాక తిరుపాలు పొదలో పడుకుని ఆలోచించాడు. పట్టుకునేవాడు పరిగెత్తలేనప్పుడు, పట్టుబడేవాళ్ళూ పరిగెత్తలేకుండా ఉంటే సరిపోతుంది కదా? అలా ఆ మహానుభావుడికి చదువు మీద మక్కువ పుట్టింది.

కొండ కింద మేకల దొడ్డి ఉంది. పాలు మానని పిల్లలను కొండ మీదికి మేతకు తీసుకుపోకూడదని అక్కడి కట్టుబాటు. తల్లులు పొద్దున వెళ్ళిపోతే పిల్లలు దొడ్డిలోనే ఉంటారు. ఉండి ఏం చేస్తారు? ఎరువుదిబ్బ ఎక్కుతారు. దిబ్బ కొసన నిలబడినవాడు రాజు. మిగిలినవాళ్ళు తలలతో కుమ్మి రాజును దొర్లించాలి. దొర్లిన రాజు పేడ దులుపుకుని మళ్ళీ ఎక్కుతాడు. అది విసుగేస్తే బర్రె లింగమ్మ వీపెక్కి గంతులు. సాయంత్రం తల్లులు కొండ దిగుతుంటే అందరూ ఒక్కసారిగా ఉరికి, ఎవరి తల్లి పొదుగు కింద వాళ్ళు దూరి, తలతో ఎడాపెడా కుమ్ముతారు. మేక ఊరికే చేపదు. పొదుగు నిండా పాలున్నా పిల్ల కుమ్మితేనే దిగుతాయి.

ఆ తల్లుల్లో చుక్కమ్మ ఒకతి. నల్లటి ఒంటి మీద తెల్ల చుక్కలు, మనసులో ఒకటే చుక్క: పక్కింటి పిల్లకంటే తన పిల్ల ఒక మెట్టు పైనుండాలి. ఆమె కొడుకు బుడంకాయ. ఒకటే కాన్పు, ఒకడే పిల్ల. వాడు దిబ్బ మీద రాజుగా ఉన్నన్నాళ్ళూ ఆమెకు ఏ బెంగా లేదు. 

ఒక పొద్దున తిరుపాలు కంచె అవతల నిలబడి, తల వంచి, గొంతు సవరించుకున్నాడు.

"పిల్లలు పాడైపోతున్నారమ్మా. పొద్దస్తమానం గంతులేనా? ఈ వయసులో అబ్బిన బుద్ధే కదా పెద్దయ్యాక నిలిచేది?"

"అయితే ఏం చేయమంటావు?" అంది సుంకమ్మ.

"బడి పెడతాను. కూర్చోబెడతాను."

"కూర్చోబెట్టి?"

"కూర్చోబెట్టే ఉంచుతాను."

ఇంత పెద్ద చదువు కొండ చుట్టుపక్కల ఎవరూ ఎరగరు. తల్లులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చుక్కమ్మ మాత్రం ఉండబట్టలేక అడిగేసింది.

"నువ్వు నక్కవు కదయ్యా?"

"అయ్యో వదినా!" అని సుంకమ్మ సిగ్గుతో చితికిపోయింది. "చదువుకున్నవాణ్ణి పట్టుకుని ఏమిటా మాట? పైగా కాలు బాగాలేని మనిషి."

తిరుపాలు నొచ్చుకోలేదు. పక్కనున్న తన కొడుకు ఓబులేసును ముందుకు తోశాడు. నిన్నటిదాకా మిడతల మీదికి దూకుతూ, తన తోకను తనే వేటాడుతూ తిరిగిన పిల్లనక్క.

"నా బిడ్డ కూడా మీ బిడ్డల పక్కనే, మొదటి వరసలో కూర్చుంటాడు. వీడు తోక కదిపితే నన్నడగండి. సొంత బిడ్డను చేర్చిన బడిని కూడా నమ్మకపోతే ఇక నేను చెప్పేదేముంది?"

నమ్మారు. సుంకమ్మ తన పిల్లను ఆ క్షణమే చేర్చింది. అది చూసిన చుక్కమ్మకు నక్క సంగతి మరుపుకొచ్చి, వెనకబడిపోతామన్న భయం పట్టుకుంది. బుడంకాయను దిబ్బ మీదినుంచి చెవి పట్టి దింపింది.

"అమ్మా, నేను రాజునే!"

"చదువుకో. తర్వాత అవుదువుగాని."

కానుగ చెట్టు కింద బడి సాగింది. కాళ్ళు మడిచి కూర్చోవాలి. తల తిప్పకూడదు. గెంతడం తప్పు, కుమ్మడం మహా తప్పు. అడగకుండా లేస్తే చెట్టు వైపు తిరిగి కూర్చోవాలి. ఓబులేసు మొదట్లో మిడత కనబడి ఒకసారి దూకాడు. ఆ పూటంతా చెట్టు బెరడు చూస్తూ గడిపాడు. మళ్ళీ దూకలేదు. కొన్నాళ్ళకు మిడత వచ్చి ముక్కు ముందు వాలినా, దానిక్కూడా చదువు చెబుతున్నారనుకుని జరిగి చోటిచ్చేవాడు.

సాయంత్రం తల్లులు దిగి వస్తే పిల్లలు ఉరకడం మానేశారు. వరసగా నడిచొచ్చి నిలబడేవారు. తల్లులకు కళ్ళు చెమర్చాయి.

"అమ్మా, పాలు తాగవచ్చా?" అన్నాడు బుడంకాయ.

"తాగు నాయనా, తాగు."

వాడు పొదుగుకు మూతి ఆనించి మర్యాదగా నిలబడ్డాడు. పాలు దిగలేదు.

"కుమ్మరా!"

"కుమ్మడం తప్పమ్మా."

"ఎవరూ చూడ్డం లేదులే, కుమ్ము."

"చూడనప్పుడు కూడా తప్పేనని అయ్యవారు చెప్పారు."

వారం తిరిగేసరికి చుక్కమ్మ పొదుగు గడ్డకట్టి సలుపుతోంది, బుడంకాయ పక్కటెముకలు పైకి తేలాయి. అయినా ఆమె బయటపడలేదు. బర్రె లింగమ్మే కదిపింది.

"ఏమే చుక్కమ్మా, నా వీపు మీదికి పిల్లలు రావడం లేదేం? దురద చంపుతోంది. గుంజకు రాసుకుని రాసుకుని గుంజ వంగిపోయింది."

"చదువుకుంటున్నారక్కా. నీకేం తెలుసు? మా వాడు మేకలు తినే ఆకులన్నీ తడుముకోకుండా చెబుతాడు. ఒరే బుడంకాయా, పెద్దమ్మకు ఒకసారి వినిపించు."

బుడంకాయ కళ్ళు మూసుకుని అప్పజెప్పాడు. "తుమ్మ తినవచ్చు, రేగు తినవచ్చు, అవిసె తినవచ్చు, గన్నేరు తినరాదు." చెప్పి, పక్కనే ఉన్న గన్నేరు కొమ్మను నోటికి అందుకోబోయాడు. చుక్కమ్మ ఎగిరి లాగేసింది.

"పేరు తెలుసు, చెట్టు తెలియదు," అంది లింగమ్మ నెమరు ఆపకుండా. "బాగుంది చదువు. వాసన చూసే తీరికైనా ఇచ్చారా బిడ్డకు?"

"ఓర్వలేక అంటున్నావు."

"దూడే లేనిదాన్ని, నాకు ఓర్వలేనితనం ఎక్కడిది? ఉన్నదల్లా దురదే."

ఆ రోజుల్లోనే తిరుపాలు పరీక్ష ప్రకటించాడు. బడిలో కాదట, వాగు ఇసుకలోనట. తల్లులు రాకూడదట. తల్లి కనబడితే పిల్లల మనసు చెదురుతుందట. సుంకమ్మ తన పిల్ల నుదుటిని తనే నాకి, బొట్టు పెట్టినంత సంబరంగా పంపింది. చుక్కమ్మ కూడా పంపి కొండెక్కింది.

ఎక్కిందేగాని మేత దిగలేదు. పొదుగు రాయిలా బిగిసింది. పరీక్షకు ముందు వాడు ఒక్క గుక్క తాగితే వాడికీ బలం, తనకూ సుఖం అనుకుని మంద వదిలి దిగి వచ్చింది. వాగు ఒడ్డున బలుసుపొద వెనక ఆగి చూసింది.

పిల్లలు ఇసుకలో వరసగా కూర్చున్నారు. ఒక్క చెవి కదలడం లేదు. తిరుపాలు కొడుకు పక్కన వంగి మాట్లాడుతున్నాడు. గాలి ఇటే వీస్తోంది.

"ఒరే ఓబులేసూ, ఇన్నాళ్ళూ పడ్డ పాటు ఈ పూట కోసమే. నాకు కాలు లేదు, నీకుంది. వీళ్ళలో ఒక్కడూ పరిగెత్తలేడు. కొసన ఉన్న ఆ గొర్రెపిల్లతో మొదలుపెట్టు. దూకు."

చుక్కమ్మ కాళ్ళు భూమికి అతుక్కున్నాయి.

"అయ్యవారూ, లేచి నిలబడవచ్చా?" అన్నాడు ఓబులేసు.

"అయ్యవారేమిట్రా! నేను నీ నాన్నను."

"బడిలో అలా పిలవకూడదని మీరే అన్నారు."

"సరే, దూకు!"

"దూకడం తప్పు కదండీ?"

"ఈ పూట తప్పు కాదు!"

ఓబులేసు లేచాడు. ఏ కాలు ముందు వేయాలో కాసేపు చూసుకున్నాడు. కళ్ళు మూసుకుని గెంతాడు. గొర్రెపిల్లకు బారెడు ఇవతల ఇసుకలో మొహం గుచ్చుకుని పడ్డాడు. గొర్రెపిల్ల మర్యాదగా పక్కకు జరిగి చోటిచ్చింది.

"మెడ! మెడ పట్టుకోరా!"

ఓబులేసు గొర్రెపిల్ల మెడ చుట్టూ చేయి వేసి స్నేహంగా కూర్చున్నాడు. ఇది కూడా పరీక్షలో భాగమేననుకుని గొర్రెపిల్ల కూడా అతని మెడ మీద చేయి వేసింది.

తిరుపాలు పళ్ళు కొరికాడు. ఇక కొడుకును నమ్ముకుంటే లాభం లేదని తనే కుంటుకుంటూ వరస వైపు నడిచాడు. అందరికంటే దగ్గరగా ఉన్నది బుడంకాయ.

"పరిగెత్తరా బుడంకాయా!" అని చుక్కమ్మ కొండ అదిరేలా అరిచింది.

బుడంకాయ తల తిప్పలేదు. పెదవులు మాత్రం కదిలాయి.

"మాట్లాడకమ్మా. మార్కులు పోతాయి."

నక్క నోరు తెరిచాడు. అప్పుడు చుక్కమ్మ ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే ఈ కథ ఇక్కడే, వేరే రకంగా అయిపోయేది. చిన్నప్పుడు ఆమె కూడా ఎరువుదిబ్బ మీద పెరిగిందే. తిన్నగా వెళ్ళి కుమ్మితే రాజు పడడు. రెండడుగులు వెనక్కి వేసి, వెనక కాళ్ళ మీద లేచి, తల ఒక వారకు తిప్పి, పైనుంచి దిగాలి. ఇది ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఎవరూ పరీక్ష పెట్టలేదు. దొర్లి దొర్లి తెలుసుకుంది. ఇన్నేళ్ళ తర్వాత ఒళ్ళే లేచింది, ఒళ్ళే దిగింది.

తిరుపాలు ఎగిరి వాగు బండ మీద పడ్డాడు. పళ్ళు ముందు పడ్డాయి, ఆయన తర్వాత పడ్డాడు.

"పరీక్ష అయిపోయిందా?" అన్నాడు బుడంకాయ.

సాయంత్రం దొడ్డిలో తల్లులంతా చేరారు. చుక్కమ్మ ఒగరుస్తూ ఉన్నదంతా చెప్పింది. బడి ఎందుకు పెట్టాడో, ఇసుకలో ఏం జరిగిందో, ఒక్క మాట దాచలేదు. తిరుపాలును కొమ్ములతో కొండ దాటిస్తారని ఆమె ఎదురుచూసింది. సుంకమ్మ నెమరు ఆపి అడిగింది.

"నక్క నోరు తెరుచుకుని మీదికొచ్చాడు కదా, మరి పిల్లలు లేవలేదా?"

"లేవలేదు."

"అరవనైనా అరవలేదా?"

"చెవి కూడా కదపలేదు వదినా! అదే చెబుతున్నా!"

తల్లులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఎంత క్రమశిక్షణ!" అంది సుంకమ్మ.

చుక్కమ్మ ఒక్కతే కొడుకును బడి మాన్పించింది. వాడు లింగమ్మ వీపెక్కబోయి మొదట్లో జారి పడ్డాడు. "ఇంకాస్త పైకి, నాయనా, ఆ మూపు దగ్గరే దురద," అని లింగమ్మ ఓపిగ్గా పడుకుంది. ఒక సాయంత్రం వాడు దిబ్బ మీదినుంచి ఉరికొచ్చి పొదుగును ఎంత గట్టిగా కుమ్మాడంటే చుక్కమ్మ వెనక కాళ్ళు నేల మీదినుంచి లేచాయి. "నీ జిమ్మడ!" అని తిట్టింది. తిట్టు పూర్తయ్యే లోపలే చేపింది.

బడి మాత్రం మూతపడలేదు. మర్నాటికే చేరికలు పెరిగాయి, కోళ్ళు కూడా పిల్లలను పంపాయి. పళ్ళు పోయిన తిరుపాలు అయ్యవారికి తల్లులు వంతులవారీగా ఉలవకట్టు పోస్తున్నారు. ఇంకేదీ నమలలేడు కనుక తాగుతున్నాడు. ఓబులేసు చిన్న అయ్యవారయ్యాడు, అతనికీ ఉలవకట్టే. ఆ బడిలో ఇంతవరకు ఎవరూ ఎవరినీ తినలేదు. చుక్కమ్మ కొడుకు మాత్రం మర్యాద తెలియని పిల్లాడని సుంకమ్మ అందరికీ చెబుతోంది.

నీతి కావాలంటే ఇదిగో: ఆడుకోని పిల్ల వేటకూ పనికిరాదు, పారిపోవడానికీ పనికిరాదు; బడికి మాత్రం భేషుగ్గా పనికొస్తుంది.