కుంచమంటే కుంచమే

గడ్డివాము కింద గుండప్ప అనే పందికొక్కు కాపురం ఉండేవాడు. అతనికున్న ఆస్తల్లా ఒక ఇనప కుంచం. ఆ దొడ్లో ఎవరు ఏం కొలుచుకోవాలన్నా అదే దిక్కు.

చుక్కల పెట్ట ఇంకో వారంలో గుడ్లు పొదగడానికి కూర్చోవాలి. కూర్చుంటే ఇరవై ఒక్క రోజులు గంప దిగేది లేదు. అందుకని సరిగ్గా అన్ని రోజులకు సరిపడా ఒక కుండెడు జొన్నపిండి దాచుకుంది. అది గుండప్ప కంట పడింది.

“చెల్లెమ్మా, మా బావమరుదులు దిగబడ్డారు. రొట్టెలకి ఒక్క కుంచం పిండి బదులివ్వు. ఎల్లుండికల్లా తెచ్చిస్తాను.”

పెట్ట మొహమాటానికి ఊఁ అంది. గుండప్ప కుంచం నింపి, నేలకేసి మూడుసార్లు దబదబా కొట్టాడు. పిండి కిందికి దిగింది. మళ్లీ పోసి కాలితో తొక్కాడు, మళ్లీ పోశాడు. కుంచం నిండేసరికి కుండ అడుగు కనిపించింది. పిండి మూట కట్టి ఎద్దు మైలయ్య వీపు మీద వేసుకుని చక్కా పోయాడు.

ఎల్లుండి అన్నట్టే వచ్చాడు. పిండిని జల్లించి, పైనుంచి పొగలా రాల్చి, తోకతో కుంచం అంచుకి సమంగా గీసి, మైలయ్య వీపు మీదే తెచ్చాడు.

“కుంచానికి కుంచం. చూసుకో.”

కుండలో పోసి కుదిపితే మూడో వంతు ఖాళీ.

“ఇది పద్నాలుగు రోజులకి మించి రాదన్నయ్యా!” అంది పెట్ట. “మిగతా వారం నేనేం తినను? ఆకలేసి గంప దిగితే గుడ్లు చల్లబడిపోవూ?”

“నా వీపుకి తెలుసమ్మా,” అన్నాడు మైలయ్య. “పోయేటప్పుడు మూట ఒత్తింది. వచ్చేటప్పుడు ఈగ వాలినట్టుంది.”

“వీపులు కూడా సాక్ష్యం చెప్తాయా?” గుండప్ప మేకా బాతులూ వినేలా అరిచాడు. “ఈ దొడ్లో కుంచమంటే కుంచమే! బరువులూ గిరువులూ నా దగ్గర చెల్లవు!”

పెట్ట కాసేపు కాలితో నేల గీరింది.

“నిజమేలెండి, నాదే బుద్ధి తక్కువ. ఆ వారానికి ఒక కుంచం మొక్కజొన్న గింజలు ఇప్పించండి.”

“ఇస్తా. తిరిగిచ్చేటప్పుడు మాత్రం రెండు కుంచాలు.”

“రెండా!”

“ఇష్టం లేకపోతే మానెయ్.”

“అయ్యో, కోపం ఎందుకు? రెండే ఇస్తాను. మీ కుంచంతోనే.”

“నా కుంచంతోనే!” అన్నాడు గుండప్ప మీసాలు దువ్వుకుంటూ, గింజలు కొలిచి ఇచ్చాడు.

ఇంటావిడ వంట ముగించి లోపలికి వెళ్లింది. పెరటి పొయ్యిలో బూడిద ఇంకా కణకణలాడుతోంది. పెట్ట రెండు మూడు గుప్పిళ్ల గింజలు అందులోకి గీరి దూరంగా నిలబడింది. టపటపమని పేలాయి.

మర్నాడు రెండు కుంచాల పేలాలు, పైన గోపురం కట్టి మరీ, గుండప్ప ముందు పెట్టింది.

“ఇవేంటి?”

“మీ గింజలే అన్నయ్యా. మా ఇంట్లో కాస్త ఒళ్లు చేశాయి.”

గుండప్ప బరువుంటుందనుకుని ఊపిరి బిగబట్టి మూట ఎత్తాడు. మూట గాల్లోకి లేచింది, అతను వెల్లకిలా పడ్డాడు.

“మోసం! బరువు చూడాలి, బరువు!”

“చూద్దాం,” అన్నాడు మైలయ్య తాపీగా. “ముందు పెట్ట పిండి నా వీపున పెట్టు.”

“తర్వాత నా తవుడు,” అంది మేక. “పోయిన నెల పట్టుకెళ్లావే, అది.”

“మా నూకలు! మా నూకలు!” అంటూ బాతులు వరస కట్టాయి.

గుండప్ప గబగబా లేచి దుమ్ము దులుపుకున్నాడు.

“బరువని ఎవరన్నారు? కుంచమంటే కుంచమే!”

పేలాల మూట నెత్తిన పెట్టుకుని బయల్దేరాడు. సగం గాలి పట్టుకుపోయింది. మిగతా సగం బాతులు వెనకే నడిచి ఏరుకు తిన్నాయి.

పెట్ట దగ్గర దాదాపు కుంచెడు గింజలు మిగిలే ఉన్నాయి. గంప దిగకుండా పొదిగింది. ఇరవై ఒకటో రోజున పదకొండు పిల్లలు కిచకిచమన్నాయి. ఆ వారంలోనే గుండప్ప కుంచం పట్టుకుని మళ్లీ వచ్చాడు.

“చెల్లెమ్మా, కాస్త పిండి...”

“తప్పకుండా ఇస్తానన్నయ్యా. మైలయ్య తాతని కూడా పిలుచుకురండి.”

గుండప్ప మళ్లీ రాలేదు.

నీతి: కొలిచి ఇచ్చిన పిండిని తిరిగి తీసుకునేటప్పుడు కళ్లతో కాదు, చేత్తో ఎత్తి చూసుకోవాలి.